వేసవి బాక్సాఫీసు: మీ ప్రశ్నలు, మా లెక్కలు

హాలీవుడ్ 2026 వేసవి సీజన్ మీద పాఠకులు పంపిన ప్రశ్నలివి. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపేశాం. వసూళ్లన్నీ అమెరికా, కెనడా కలిపి, డాలర్లలో. ప్రపంచం మొత్తం లెక్క అయితే ఆ మాట అక్కడే రాశాం.

ప్రశ్న: హాలీవుడ్ వాళ్ల 'సమ్మర్' కచ్చితంగా ఏ రోజు నుంచి ఏ రోజు దాకా? క్యాలెండర్ ప్రకారం అక్కడ వేసవి జూన్‌లో కదా మొదలవుతుంది?

జవాబు: ట్రేడ్ వాళ్లకు ఆ క్యాలెండర్‌తో పని లేదు. మే మొదటి శుక్రవారం నుంచి సెప్టెంబరు మొదటి సోమవారం, అంటే లేబర్ డే దాకా వాళ్ల సమ్మర్. ఈ ఏడాది మే 1న మొదలై సెప్టెంబరు 7న ముగుస్తుంది. కాస్త అటూ ఇటూగా 18 వారాలు.

మొదట్లో ఈ గీత ఇక్కడ లేదు. 1975 జూన్ 20న 'జాస్' 400కు పైగా థియేటర్లలో ఒక్కసారే దిగింది. విడుదలకు ముందే టీవీ ప్రకటనలతో హోరెత్తించారు. అప్పటిదాకా పెద్ద సినిమా ముందు మహానగరాల్లో ఆడి, తర్వాత మెల్లగా ఊళ్లకు వెళ్లేది. 1977లో 'స్టార్ వార్స్' మే 25న, మెమోరియల్ డే సెలవుకు ముందు బుధవారం వచ్చింది. తొలిరోజు 32 థియేటర్లే. ఆ తర్వాత చాలా ఏళ్లు మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డేనే సీజన్‌కు గుమ్మం. 1996లో 'ట్విస్టర్' మే 10న వచ్చి మూడు రోజుల్లో 4.1 కోట్లు తెచ్చాక, గుమ్మం ముందుకు జరపొచ్చని స్టూడియోలకు అర్థమైంది. 2002 మే 3న 'స్పైడర్ మ్యాన్' 11.48 కోట్లతో తెరుచుకుంది. ఒక్క వీకెండ్‌లో 10 కోట్లు దాటిన మొదటి సినిమా అదే. అప్పట్నుంచి మే మొదటి శుక్రవారం ఖాయమైపోయింది.

ఏళ్లను పోల్చేవాళ్లు ఒకటి గమనించాలి. అవెంజర్స్ సినిమాలు రెండు, 2018లో 'ఇన్ఫినిటీ వార్' ఏప్రిల్ 27న, 2019లో 'ఎండ్‌గేమ్' ఏప్రిల్ 26న వచ్చాయి. తొలి వీకెండ్ ఒకదానికి 25.77 కోట్లు, రెండోదానికి 35.71 కోట్లు. గీత గట్టిగా పాటిస్తే ఆ డబ్బు సమ్మర్ లెక్కలోకి రాదు. 'ఫలానా వేసవి నీరసం' అనే పట్టిక కనిపిస్తే, ముందు గీత ఎక్కడ గీశారో చూడండి.

ప్రశ్న: సీజన్ మొత్తానికి ఎంత వస్తే బాగున్నట్టు?

జవాబు: 400 కోట్ల డాలర్లు. 2023 ఆ గీత దాటింది, 2024, 2025 దాటలేదు. టిక్కెట్టు ధర ఏటా పెరుగుతోంది కాబట్టి, పదేళ్ల కిందటి 400 కోట్లకు, నేటి 400 కోట్లకు హాల్లో కూర్చున్న తలకాయల సంఖ్య ఒకటి కాదు.

ప్రశ్న: తొలి వీకెండ్ వసూలు ఇంట్లో కూర్చుని అంచనా కట్టడానికి పద్ధతి ఏదైనా ఉందా? చాలామంది ఏదో ఒక అంకె విసిరేస్తుంటారు.

జవాబు: ఉంది. నాలుగు మెట్లు. కాగితం, కాలిక్యులేటరు చాలు.

మొదటిది పోలిక. ఒక్క సినిమాతో పోల్చకండి, మూడు తీసుకోండి: బాగా ఆడినది ఒకటి, మధ్యరకం ఒకటి, దెబ్బతిన్నది ఒకటి. మూడూ ఒకే తరహావి, ఒకే ప్రేక్షకులవి, వీలైతే ఒకే నెలలోవి అయివుండాలి. గత నాలుగైదేళ్లు దాటి వెనక్కి పోవద్దు. పేరు కలిసినంత మాత్రాన పోలిక కుదరదు. ముందు భాగం పదేళ్ల కిందట ఎంత తెచ్చిందన్నది సరదా సమాచారం, అంతే.

రెండోది గురువారం. అమెరికాలో సినిమా శుక్రవారం విడుదలైనా, గురువారం మధ్యాహ్నం నుంచే ప్రివ్యూలు పడతాయి. ఆ డబ్బు శుక్రవారం ఖాతాలో కలుస్తుంది. గురువారం అంకెను ఎంతతో హెచ్చవేస్తే వీకెండ్ వస్తుందన్నది ప్రేక్షకుల మీద ఆధారపడుతుంది. 2024లో 'డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్' ప్రివ్యూలు 3.85 కోట్లు, వీకెండ్ 21.14 కోట్లు, అంటే అయిదున్నర రెట్లు. అదే ఏడాది 'ఇన్‌సైడ్ అవుట్ 2' ప్రివ్యూలు 1.3 కోట్లే, వీకెండ్ 15.42 కోట్లు, అంటే దాదాపు 12 రెట్లు. అభిమానులు గురువారమే ఎగబడతారు. పిల్లలున్నవాళ్లు శనివారం పొద్దున దాకా ఆగుతారు. మధ్యలో 2022 నాటి 'టాప్ గన్: మావెరిక్' 6.6 దగ్గర, 2025 నాటి 'లీలో అండ్ స్టిచ్' 10 దగ్గర ఉన్నాయి. కాబట్టి సూపర్‌హీరోకు 5.5 నుంచి 6.5, పెద్దవాళ్ల సినిమాకు 7 నుంచి 8, పిల్లల సినిమాకు 10 నుంచి 12 పెట్టుకోండి. బుధవారమో అంతకుముందో వేసిన ప్రత్యేక షోల డబ్బును కొన్నిసార్లు గురువారం అంకెలోనే కలిపి ప్రకటిస్తారు. అది తీసేయకుండా హెచ్చవేస్తే లెక్క ఉబ్బిపోతుంది.

మూడోది 'అసలు శుక్రవారం'. ప్రకటించిన శుక్రవారంలోంచి ప్రివ్యూలు తీసేయండి. 'డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్' శుక్రవారం దాదాపు 9.6 కోట్లు, ప్రివ్యూలు పోతే 5.8 కోట్లు. శనివారాన్ని పోల్చాల్సింది ఈ 5.8తోనే. 9.6తో పోల్చి 'శనివారం కుప్పకూలింది' అని రాసేవాళ్లు ప్రతి వేసవిలోనూ పుట్టుకొస్తారు. శనివారం అసలు శుక్రవారాన్ని మించితే టాక్ పాకుతున్నట్టు, సమానంగా ఉంటే ఫర్వాలేదు, తగ్గితే అనుమానించాలి.

నాలుగోది ఆదివారం. మామూలుగా శనివారం కంటే 20 నుంచి 30 శాతం తక్కువ. మెమోరియల్ డే వీకెండ్‌లో సోమవారం సెలవు కాబట్టి ఆదివారం శనివారానికి దగ్గరగా నిలుస్తుంది. జూన్ మూడో ఆదివారం ఫాదర్స్ డే, ఆ రోజూ పడిపోవడం తక్కువే. ఆదివారం మధ్యాహ్నానికల్లా పత్రికల్లో కనిపించే వీకెండ్ మొత్తంలో ఆదివారం భాగం స్టూడియో ఊహ. సాయంత్రం ఆటలు అప్పటికి మొదలే కాలేదు. సోమవారం వచ్చేదే అసలు లెక్క. మొదటి స్థానం కోసం రెండు సినిమాలు నువ్వా నేనా అన్నట్టున్నప్పుడు ఈ తేడాతోనే వరస తారుమారవుతుంది.

ప్రశ్న: ట్రైలర్‌కు వచ్చిన వ్యూస్ బట్టి చెప్పొచ్చా?

జవాబు: చెప్పలేం. తొలి 24 గంటల అంకెలో డబ్బిచ్చి చూపించినవి, వాటంతట అవే ఆడినవి అన్నీ కలిసి ఉంటాయి.

ప్రశ్న: సర్వే సంస్థలు మూడు నాలుగు వారాల ముందే 'ట్రాకింగ్' ఇస్తాయి కదా. అయినా అంత ఘోరంగా ఎందుకు తప్పుతాయి?

జవాబు: అవి అడిగేవి ప్రధానంగా నాలుగు. పేరు చెప్పకుండా 'రాబోయే సినిమాలేవి?' అంటే గుర్తొస్తుందా, పేరు చెబితే తెలుసా, తప్పకుండా చూస్తారా, ఈ వారం ఒకటే చూడాల్సి వస్తే ఇదేనా. జవాబుల్ని 25 ఏళ్ల లోపు, పైన, మగ, ఆడ అని నాలుగు గళ్లుగా విడగొడతారు. నాలుగు గళ్లూ నిండిన సినిమాను 'ఫోర్ క్వాడ్రంట్' అంటారు. స్టూడియోలు కలలు కనేది దానికోసమే.

తప్పులకు కారణాలు రెండు మూడు. ఆరేళ్ల పిల్లను సర్వే అడగదు. ఆ పిల్ల శనివారం ఇల్లు పీకి పందిరేస్తే నలుగురి టిక్కెట్లు తెగుతాయి. అందుకే పిల్లల సినిమాలకు ట్రాకింగ్ తరచూ తక్కువ చూపిస్తుంది. 'ఇన్‌సైడ్ అవుట్ 2' మీద మొదట 8, 9 కోట్లన్నారు, 15 దాటింది. ఏడాదికి ఒకటి రెండు సార్లే హాలుకు వచ్చేవాళ్లూ అంతే, 'తప్పకుండా చూస్తాను' అని సర్వేలో చెప్పరు, నలుగురూ వెళ్తుంటే వెళ్తారు. 2023లో 'బార్బీ' 16.2 కోట్లతో తెరుచుకోవడం వెనక ఉన్నది ఈ గుంపే.

తలకిందుగా తప్పేది పాత పేరున్న సినిమా. పేరు అందరికీ తెలుసు కాబట్టి సర్వే ఉబ్బుతుంది. తెలియడం వేరు, బట్టలు మార్చుకుని బయల్దేరడం వేరు. 2018 మెమోరియల్ డేకు వచ్చిన 'సోలో: ఎ స్టార్ వార్స్ స్టోరీ'కి నాలుగు రోజులకు 13 కోట్లకు పైమాటే అన్నారు. వచ్చింది 10.3. ట్రాకింగ్‌లో మేం ముందు చూసేది 'ఇదే మొదట చూస్తా' అన్నవాళ్ల శాతం. 'పేరు తెలుసు' శాతాన్ని మేం పెద్దగా పట్టించుకోం.

ప్రశ్న: సమీక్షలు పోగుచేసే రాటెన్ టొమేటోస్ సైట్‌లో 90 శాతం వచ్చిన సినిమా తొలి వారమే చతికిలపడుతుంది. ఆ శాతానికి అర్థమేమిటి?

జవాబు: అది మార్కుల సగటు కాదు. ఎంతమంది సమీక్షకులు 'చూడొచ్చు' అన్నారన్నదే. వందమంది 'పర్వాలేదు, పదికి ఏడు' అంటే అక్కడ 100 శాతం. యాభైమంది పదికి పది, యాభైమంది పదికి అయిదు ఇచ్చి పెదవి విరిస్తే 50 శాతం. రెండో సినిమాకే వెర్రి అభిమానులుంటారు. 60 శాతం, ఆపైన వస్తే 'ఫ్రెష్' ముద్ర. 2024లో 'ఫ్యూరియోసా'కు సమీక్షలు బ్రహ్మాండం, మెమోరియల్ డే నాలుగు రోజుల వసూలు 3.2 కోట్లు.

తొలి వీకెండ్ తర్వాత సంగతి తెలియాలంటే సినిమాస్కోర్ చూడండి. మొదటి రోజు డబ్బిచ్చి చూసిన ప్రేక్షకుల చేత హాలు దగ్గరే కార్డు నింపించి, ఏ ప్లస్ నుంచి ఎఫ్ దాకా గ్రేడు ఇస్తారు. చదవడంలో ఒక కిటుకుంది. మొదటి రోజు వచ్చేది ఎలాగూ అభిమానులే కాబట్టి మార్కులు ఉదారంగా పడతాయి. సూపర్‌హీరో సినిమాకు 'బి' వస్తే ప్రమాద ఘంటికే. హారర్‌కు అదే 'బి' వస్తే బాగున్నట్టు లెక్క.

గ్రేడు ఒక్కటే గట్టెక్కించదు. 2025లో యానిమేషన్ సంస్థ పిక్సార్ తీసిన 'ఎలియో'కు 'ఏ' వచ్చింది, తొలి వీకెండ్ 2.08 కోట్లు, ఆ సంస్థ చరిత్రలో అతి తక్కువ. చూసినవాళ్లకు నచ్చింది, చూసినవాళ్లే లేరు.

ప్రశ్న: తొలి వీకెండ్ పెద్దదైతే సినిమా పెద్ద హిట్టే కదా?

జవాబు: 2023 జూన్ 16 తీసుకోండి. ఒకే రోజు రెండు సినిమాలు వచ్చాయి. 'ది ఫ్లాష్' తొలి వీకెండ్ 5.5 కోట్లు, పిక్సార్ 'ఎలిమెంటల్' 2.96 కోట్లు. సోమవారం నాటి రాతల్లో రెండూ బోల్తానే, రెండోది మరీ ఘోరం. రెండో వీకెండ్‌లో 'ఫ్లాష్' 70 శాతానికి పైగా జారింది, 'ఎలిమెంటల్' 40 శాతం లోపే తగ్గింది. చివరికి 'ఫ్లాష్' 10.8 కోట్ల దగ్గర ఆగిపోయింది, 'ఎలిమెంటల్' 15.4 కోట్లు చేసింది.

మొత్తం వసూలును తొలి వీకెండ్‌తో భాగిస్తే వచ్చేదే మల్టిప్లయర్. మొదటిదానికి 2 కూడా లేదు, రెండోదానికి 5.2. వేసవి పెద్ద సినిమాలకు 2.5 నుంచి 3 మామూలు. 2 దగ్గర ఆగితే టాక్ చంపేసినట్టు. 4 దాటితే లాంగ్ రన్. 'మావెరిక్' 12.67 కోట్ల మూడు రోజుల వసూలు నుంచి 71.87 కోట్లకు వెళ్లింది, 5.7 రెట్లు. ఆ స్థాయి మొదలుతో అంత దూరం పరిగెత్తడం చాలా అరుదు.

అందుకే సీజన్ అంచనా వేసేవాళ్లు తొలి వీకెండ్ మీద కొట్టుకోవడం మాకు వృథా ప్రయాస అనిపిస్తుంది. ఆ మూడు రోజులు ప్రచారం తెచ్చే డబ్బు. ఎవరి పక్కన ఏ తేదీన కూర్చున్నారు, రెండో శుక్రవారం ఎవరు వస్తున్నారు అన్న రెండూ చూస్తే మిగతా మూడు నెలల కథ సగం తెలిసిపోతుంది.

ప్రశ్న: రెండో వారం ఎంత శాతం పడితే భయపడాలి?

జవాబు: సీక్వెల్‌కు, సూపర్‌హీరోకు 50 నుంచి 60 మామూలు. 65 దాటితే కష్టం. 2025లో 'ఫెంటాస్టిక్ ఫోర్' 11.8 కోట్లతో మొదలై, రెండో వారం మూడింట రెండొంతులు పోగొట్టుకుంది, 'ఏ మైనస్' గ్రేడు వచ్చి కూడా. పిల్లల సినిమా 40 లోపు ఉంటే బాగున్నట్టు. 'ఇన్‌సైడ్ అవుట్ 2' 34 శాతమే తగ్గి, రెండో వీకెండ్‌లోనూ 10 కోట్లు దాటింది.

లెక్క తప్పే చోటు సెలవు వీకెండ్. నాలుగు రోజుల మొత్తాన్ని తర్వాతి మూడు రోజులతో పోల్చకూడదు. మూడింటికి మూడే. వారం మధ్య రోజులు కూడా చూడండి. మే నెలలో బడులు నడుస్తుంటాయి కాబట్టి సోమ, మంగళ వారాలు నీరసం. జూన్ రెండో సగం నుంచి పిల్లలు ఖాళీ, మంగళవారం చవక టిక్కెట్ల రోజు కూడా, అప్పుడు వారం మధ్యలోనూ హాళ్లు నిండుతాయి. ఒకే తొలి వీకెండ్ వచ్చిన రెండు సినిమాల్లో జూన్ చివరిదానికి మల్టిప్లయర్ ఎక్కువ రావడానికి ఇదీ ఒక కారణం.

ప్రశ్న: ఐమాక్స్ తెరలు మొత్తం మీద కొన్నే కదా. వాటి కోసం అంత గొడవెందుకు?

జవాబు: కొన్నే కాబట్టే గొడవ. టిక్కెట్టు ధర ఎక్కువ, అభిమానులు ముందుగా కొనేది అక్కడే. ఆ తెరలను ఇన్ని వారాలని ముందే ఒప్పందం రాసుకుంటారు. 2023 జులై 12న వచ్చిన 'మిషన్ ఇంపాజిబుల్' ఏడో భాగానికి ఐమాక్స్‌లో దక్కింది తొమ్మిది రోజులే. 21న 'ఒపెన్‌హైమర్' వచ్చి మూడు వారాలు వాటిని పట్టేసింది. అదే రోజు 'బార్బీ' మామూలు తెరల్లో ఊపేసింది. ఏడో భాగం రెండో వీకెండ్‌లో 64 శాతం పడింది. సినిమా బాగోలేక కాదు, కూర్చున్న కుర్చీ అలాంటిది.

ప్రశ్న: 20 కోట్ల డాలర్ల ఖర్చు, ప్రపంచమంతా కలిపి 40 కోట్ల వసూలు. రెండింతలు లాభమే కదా?

జవాబు: నష్టం. వసూలంటే గ్రాస్, అందులో థియేటర్ల వాటా పోతుంది. అమెరికాలో స్టూడియోకు సుమారు సగం, మిగతా దేశాల్లో 40 శాతం దరిదాపు, చైనాలో 25 శాతం మిగులుతాయి. మీ 40ని అమెరికాలో 20, చైనాలో 5, మిగతా చోట్ల 15 అనుకుందాం. చేతికొచ్చేది 10, 1.25, 6. కలిపితే 17.25. నిర్మాణ ఖర్చు 20 కూడా రాలేదు, ప్రచారం ఇంకా లెక్కలోకే రాలేదు. వేసవి పెద్ద సినిమాకు అదొక్కటే 10 కోట్లు మింగుతుంది. అందుకే నిర్మాణ ఖర్చుకు రెండున్నర రెట్లు గ్రాస్ వస్తే థియేటర్ల వరకు బ్రేక్ ఈవెన్ అని మోటు లెక్క. చైనా వాటా పెద్దదైతే ఆ రెండున్నరా చాలదు. తర్వాత ఓటీటీ, అద్దె, బొమ్మలు తెచ్చే డబ్బు వేరే ఖాతా.

ప్రశ్న: పెద్ద సినిమాకు ఎదురుగా చిన్న సినిమా వేయడం ఆత్మహత్య కాదా?

జవాబు: ప్రేక్షకులు ఒకరే అయితే ఆత్మహత్యే. వేరైతే అంతకంటే మంచి తేదీ లేదు. 2008 జులై 18న 'ది డార్క్ నైట్' 15.84 కోట్లతో అదరగొడుతుంటే, అదే రోజు 'మమ్మా మియా!' 2.78 కోట్లతో మొదలై 14.4 కోట్ల దాకా నడిచింది. 2006లో 'సూపర్‌మ్యాన్ రిటర్న్స్' వచ్చిన వారమే 'ది డెవిల్ వేర్స్ ప్రాడా' 2.75 కోట్లతో వచ్చి 12.47 కోట్లు చేసింది. మొదటి వారం హాళ్లలో చోటు లేనివాళ్లు, ఆ గోల అక్కర్లేనివాళ్లు పక్క తెరకు వస్తారు.

ప్రశ్న: ఆగస్టు అంటే చెత్త పారబోసే నెల అంటారు?

జవాబు: రెండో సగం గురించి అయితే నిజమే. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బడులు ఆగస్టు మొదట్లోనే తెరుస్తారు, వారం మధ్య రోజులు చచ్చిపోతాయి. మొదటి పది రోజులు మాత్రం బంగారం. 1999 ఆగస్టు 6న 'ది సిక్స్త్ సెన్స్' 2.67 కోట్లతో మొదలై 29 కోట్లు దాటింది. 2014లో 'గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ' ఆగస్టు 1న 9.4 కోట్లు, 2016లో 'సూసైడ్ స్క్వాడ్' 13.37 కోట్లు తెచ్చాయి. 2025లో 'వెపన్స్' ఆగస్టు 8న 4.35 కోట్లతో తెరుచుకుని 15 కోట్లు చేసింది. వెనక నుంచి వచ్చే పోటీ లేకపోవడమే ఆ నెలకున్న బలం.

ప్రశ్న: ఇక అసలు సంగతి. 2026 వేసవిలో ఏది ఎంత? దాటవేయకుండా చెప్పండి.

జవాబు: దాటవేయం. తేదీలు స్టూడియోలు ప్రకటించినవి, అంకెలు మా అంచనాలు.

మే 1 కుర్చీ నిజానికి 'అవెంజర్స్: డూమ్స్‌డే'ది. అది డిసెంబరు 18కి వెళ్లిపోవడంతో 'ది డెవిల్ వేర్స్ ప్రాడా 2' కూర్చుంది. ఇరవయ్యేళ్ల కిందట సూపర్‌హీరో పక్కన నిలబడి నెగ్గిన సినిమాకు ఈసారి సీజన్ గుమ్మమే ఇచ్చారు. ఈ ప్రేక్షకులు గురువారం రారు, కాబట్టి ప్రివ్యూ అంకె చిన్నగా ఉంటే కంగారు పడొద్దు, 8తో హెచ్చవేయండి. మే 10 మదర్స్ డే, రెండో వీకెండ్ నిలబడుతుంది. తొలి వీకెండ్ 6.5 నుంచి 8.5 కోట్లు, మల్టిప్లయర్ 3కు పైన.

మే 22న 'ది మాండలోరియన్ అండ్ గ్రోగు'. 2019 డిసెంబరు తర్వాత థియేటర్లకు వస్తున్న తొలి స్టార్ వార్స్. ఇన్నేళ్లు ఇంట్లో టీవీలో చూసిన పాత్రల కోసం హాలుకు కదులుతారా అన్నదే ప్రశ్న. 'సోలో' కూడా ఇదే వీకెండ్‌కు వచ్చింది. నాలుగు రోజులకు 9 నుంచి 12. బుజ్జి పాత్ర గ్రోగును చూసే పిల్లలు వస్తే పై అంకె, పాత అభిమానులే వస్తే కింది అంకె.

జూన్‌లో అసలు తిరకాసు ఉంది. 19న 'టాయ్ స్టోరీ 5', జులై 1న 'మినియన్స్ 3', జులై 10న 'మోవానా' లైవ్ యాక్షన్, అంటే కార్టూన్ కథనే నటులతో మళ్లీ తీసినది. 22 రోజుల్లో ఒకే ఇంటి తలుపు మూడుసార్లు తట్టడం. ముందొచ్చినవాడికే లాభం. 'టాయ్ స్టోరీ 4' 2019లో 12.09 కోట్లతో తెరుచుకుంది. ఈసారి శుక్రవారం జూన్‌టీన్త్ సెలవు, ఆదివారం ఫాదర్స్ డే. 12 నుంచి 15 అంటాం. శుక్రవారం సెలవు కాబట్టి శనివారం పెరగకపోయినా తప్పు పట్టకండి.

'మినియన్స్ 3' పాత బలమైన బండే. 2022లో ముందు భాగం జులై 4తో కలిసిన నాలుగు రోజుల్లో 12.3 కోట్లు తెచ్చింది. అయితే అప్పుడు జులై 4 సోమవారం, ఈసారి శనివారం. స్వాతంత్ర్య దినం సాయంత్రం జనం బాణసంచా దగ్గర ఉంటారు, హాల్లో కాదు. వీకెండ్‌లో అన్నిటికంటే బలమైన రోజే పోతుంది. 2015లోనూ అది శనివారమే, ఆ బుధవారం వచ్చిన 'టెర్మినేటర్ జెనిసిస్' మూడు రోజులకు 2.7 కోట్లతో సరిపెట్టుకుంది. అందుకే 'మినియన్స్ 3'కి అయిదు రోజులు కలిపి 11 నుంచి 13 చాలంటున్నాం.

మూడింట్లో మాకు నమ్మకం తక్కువ 'మోవానా' మీద. 'లీలో అండ్ స్టిచ్' లైవ్ యాక్షన్ మూడు రోజుల్లో 14.6 కోట్లు తెచ్చిందంటే, దాని మొదటి కార్టూన్ సినిమా 2002లో వచ్చింది, చూసిన పిల్లలు తల్లిదండ్రులయ్యారు. 'మోవానా' మొదటి కార్టూన్ 2016 నాటిది, రెండోది 2024 నవంబరులోనే వచ్చింది. మరిచిపోయే వ్యవధి ఇవ్వకుండా గుర్తుచేస్తున్నారు. 7 నుంచి 10.

జూన్ 26న 'సూపర్‌గర్ల్' ఈ పిల్లల సినిమాల మధ్య ఇరుక్కుంది. 2025లో 'సూపర్‌మ్యాన్' 12.5 కోట్లతో మొదలైంది. ఇది అందులో సగం చుట్టూ, 5 నుంచి 7. దెబ్బ తగిలేది రెండో వీకెండ్‌లో, జులై 4 శనివారం సరిగ్గా అక్కడే పడుతోంది.

జులై 17న దర్శకుడు నోలన్ తీసిన 'ది ఒడిస్సీ'. పూర్తిగా ఐమాక్స్ ఫిల్మ్ కెమెరాలతో తీశారు. 70 ఎంఎం ఐమాక్స్ టిక్కెట్లు కొన్ని ఏడాది ముందే అమ్మకానికి పెట్టారు. 2023లో 'ఒపెన్‌హైమర్' 8.24 కోట్లతో తెరుచుకుని నాలుగు రెట్లు నడిచింది. దీనికి 9.5 నుంచి 12. పెద్ద తెర కోసమే ఆగేవాళ్లు రెండో, మూడో వారాలకు పాకుతారు కాబట్టి మల్టిప్లయర్ 3కు తగ్గదు.

జులై 31న 'స్పైడర్ మ్యాన్: బ్రాండ్ న్యూ డే'. సీజన్‌లో అతి పెద్ద తొలి వీకెండ్ దీనిదే, 17 నుంచి 21. 2021 డిసెంబరు నాటి ముందు భాగం 26 కోట్లు తెచ్చింది కదా అనొద్దు. మునుపటి స్పైడర్ మ్యాన్‌లందరూ ఒక్కచోట చేరడం ప్రతిసారీ దొరికే ఆకర్షణ కాదు. 'ఒడిస్సీ'కీ దీనికీ మధ్య 14 రోజులే. ఐమాక్స్ తెరలు ఎవరికి ఎన్ని, ఏ తేదీ దాకా అన్నది చూశాకే అంకెలు ఖాయం చేసుకోండి. దీని వెనక ఆగస్టు ఖాళీగా ఉంది కాబట్టి దిగువన ఢోకా లేదు.

ప్రశ్న: ఈ ఏడాది ఫుట్‌బాల్ ప్రపంచకప్ అమెరికాలోనే. సినిమాలకు దెబ్బేనా?

జవాబు: జూన్ 11 నుంచి జులై 19 దాకా, అమెరికా, కెనడా, మెక్సికోల్లో. అమెరికా, కెనడా జట్లు ఆడే రోజుల సాయంత్రం ఆటలకు, మ్యాచ్‌లు జరిగే నగరాల మల్టీప్లెక్సులకు కొంత తగులుతుంది. దేశమంతా పడేంత దెబ్బ మాకు కనబడటం లేదు. మిగతా ప్రపంచంలో, ముఖ్యంగా యూరప్, లాటిన్ అమెరికాల్లో దెబ్బ గట్టిది. జూన్ సినిమాల విదేశీ అంకెలు నీరసంగా వస్తే ముందు మ్యాచ్‌ల పట్టిక చూసి, తర్వాత సినిమాను తిట్టండి.

ఫైనల్ జులై 19, న్యూజెర్సీలో. అది 'ఒడిస్సీ' తొలి ఆదివారం. మధ్యాహ్నం ఆటలు పల్చబడవచ్చు. శనివారంతో పోలిస్తే పడిపోవడం మామూలు 25 శాతానికి బదులు 30 దాటినా, సోమవారం, మంగళవారం నిలబడితే చాలు. వాటిని చూడకుండా మల్టిప్లయర్ మీద మాట జారకండి.